ఆడబిడ్డ తెచ్చిన కోడి

నాకు కోళ్లంటే ప్రాణం. కోళ్లు పెంచే మనుషులంటే మాత్రం ఒళ్లు మంట. ఈ మాట అన్నప్పుడల్లా మా ఆయన నవ్వి, "మరి నువ్వేంది?" అంటాడు. నేను వేరు అని అంటుండేదాన్ని.

మాది తాండూరు. మా ఆయనకు ఊరి చివర బండలు పాలిష్ చేసే మిషన్ ఉంది. తాండూరులో ఏది కట్టినా బండతోనే కడతారు. ఇంట్లో గచ్చు బండ, ప్రహరీ బండ, నీళ్ల తొట్టి బండ, బట్టలుతికే చోటు బండ. అలాంటి ఊళ్లో కోళ్ల గూడు మాత్రం మట్టితో ఎందుకు కడతారు? మా ఆయన మూడు పక్కలా మూడు నాపరాళ్లు నిలబెట్టి, పైన ఒకటి, కింద ఒకటి వేసి, ముందు ఇనుప జాలి బిగించి, వాడకట్టు వాళ్లందరినీ పిలిచి చూపించాడు. "పిల్లి రాదు, ముంగిస రాదు. వందేండ్లుంటది" అన్నాడు. గూడు వందేళ్లుంటుంది సరే, లోపల కోడి ఉండొద్దా!

ఎండాకాలం ఆ బండ పెనంలా కాలుతుంది. వానాకాలం చెమ్మ పడుతుంది. చలికాలం ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఏడాది పొడుగునా ఆ గూటితో కుస్తీ పట్టడమే నా పని. ఎండల్లో పైబండ మీద వరిగడ్డి పరిచి నీళ్లు చల్లుతాను, మట్టి మూకుట్లో పలచటి మజ్జిగ పెడతాను. వానల్లో బూడిద, సున్నం. కింద బండ మీద వడ్ల పొట్టు మందంగా పరచకపోతే కోళ్ల అరికాళ్లు కాయలు కాసి, పుండ్లు పడి, కుంటుతాయి. ఈ సంగతి చెబితే మా ఆయన, "బండ మీద నడిస్తే కోడికి కాలు నొస్తదా?" అని ఎగతాళి చేశాడు. చెప్పులు విప్పి ఆ గూట్లో ఒక్క గంట నిలబడమన్నాను. నిలబడలేదు.

ఆ గూట్లో పదకొండు కోళ్లు ఉండేవి. పది పెట్టలు, ఒక పుంజు. మేం వాటిని కోసుకునేవాళ్లం కాదు. కూరకు కావాలంటే బజారు నుంచి తెచ్చుకునేవాళ్లం. పెట్టల్లో ఒకదానికి పుట్టుకతోనే మెడ మీద ఈకలు లేవు. ఆ బోడిమెడది నేను కూరగాయలు తరుగుతుంటే వచ్చి నా మోకాలి మీద ఎక్కి కూర్చునేది. దించితే మళ్లీ ఎక్కేది. తిట్టేదాన్ని. నా తిట్లకు భయపడని జీవి ఈ ఇంట్లో అదొక్కటే.

మూడేళ్ల కింద నాకు ఇట్లాంటివే తొమ్మిది ఉండేవి. ఎండలు ముదిరే వేళ మా పెద్ద ఆడబిడ్డ యాలాల్ నుంచి ఒక పుంజును తెచ్చింది. గూట్లో కలిపాం. పది రోజులకు ఆ పుంజుతో సహా అన్నీ పోయాయి. కొక్కెర రోగం. మెడలు మెలికలు తిరిగి, ఆకుపచ్చగా పారుకొని, నోరు తెరిచి ఎగపీలుస్తూ చచ్చిపోయాయి. తొమ్మిదింటినీ నా చేతులతో గుంత తీసి పాతిపెట్టాను. అప్పుడే అనుకున్నాను, ఇంకోసారి ఈ పెరట్లో ఇట్లా జరగనివ్వనని. కొత్త కోడి ఏది వచ్చినా ఇరవై ఒక్క రోజులు గంప కింద, విడిగా, వేరే నీళ్లు, వేరే గింజలు. బ్రహ్మదేవుడు తెచ్చినా సరే!

ఇంకొకటి కూడా చేయాలని చూశాను. ఈ రోగానికి రెక్కకు వేసే టీకా ఉంది. కానీ ఒక్క సీసాలో వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది. మూత తీశాక రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలితే పారబోయడమే. పశువుల దవాఖానకు పోతే కాంపౌండరు మర్యాదగానే చెప్పాడు. "మీయి పదకొండే ఉన్నయి గదమ్మా. వాడకట్టుల ఇంకో ఎనబై తొంబై జమ చేయున్రి, నేనే మీ ఇంటికొచ్చి సూదులేస్త" అన్నాడు. కార్తీకంలో మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. ఒకామె, "సూదేస్తే గుడ్లు బందు పెడ్తయ్" అంది. ఇంకొకామె, "రోగమొస్తే కోసుకొని తింటం, దానికింత పరేషాన్ ఎందుకు?" అంది. మూడో ఇంటి ముసలాయన నన్ను కింది నుంచి మీదికి చూసి, నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదని వెనకటికొకామె అనుకుందట, ఆ సామెత అనేసి లోపలికి పోయాడు. నాకు కోపం ఆగలేదు. మీ కోళ్లు చస్తే నా గడప తొక్కొద్దని వీధిలో నిలబడి అరిచి వచ్చాను. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నా నోరు సంగతి ఊరికంతా తెలుసు. ఇరవై కోళ్లు కూడా జమ కాలేదు.

సరే, టీకా లేదు. ఇక నా జాగ్రత్తే దిక్కు అనుకున్నాను.

మార్గశిరం వచ్చేసరికి చలి పెరిగింది. వికారాబాద్ గుట్టల మీంచి వచ్చే గాలి మా పెరట్లో ఈడ్చి కొడుతుంది. బండల గూట్లో కోళ్లు పొద్దునే ముడుచుకొని, ఈకలు ఉబ్బించుకొని, ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. వాము వేసి కాచిన నీళ్లు తాగించాను. గూటికి నాలుగు వైపులా గోనె సంచులు కడితే గాని లాభం లేదనిపించింది. మా ఆయనను తెమ్మంటే "రేపు" అన్నాడు. ఆయన రేపు నాకు ఇరవై ఐదేళ్లుగా తెలుసు.

ఆ వారమే ఇద్దరం బండి మీద వికారాబాద్‌కు ఒక పెళ్లికి పోయి వస్తున్నాం. దారిలో రోడ్డు పక్కన ఒక బాయిలర్ కోళ్ల షెడ్డు ఖాళీగా కనిపించింది. పక్కలకు కట్టే గోనె పరదాలు విప్పి కుప్ప వేసి ఉన్నాయి. బండి ఆపించాను. షెడ్డు ఆయనను అడిగితే, "తీస్కపోమ్మా, నేనేం చేస్కుంట?" అన్నాడు. మోయగలిగినన్ని మోసుకొచ్చాను. ఆ సాయంత్రమే గూడు చుట్టూ కట్టేశాను. మిగిలినవి లోపల పొట్టు మీద పరిచాను. బోడిమెడది వెంటనే పోయి వాటి మీద కూర్చుంది. "చూసినవా, నీకు చేతకాలె, నాకు చేతనైంది" అని మా ఆయనతో అన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నాలుగు రోజులకు ఆడబిడ్డ వచ్చింది.

మా ఆయనకు ఆమె అక్క, నాకు వదిన. మాకు పెళ్లయిన కొత్తలో నా వంటలో ఉప్పు చూసి చెప్పేది. తర్వాత నా పిల్లల పెంపకం చూసి చెప్పింది. మా ఇద్దరికీ ఏనాడూ పొసగలేదు, పొసగినట్టు నటించనూ లేదు. ఆ రోజు ఒక చేతిలో కొత్త కందుల మూట, ఇంకో చంకలో కాళ్లు కట్టిన ఎర్ర పెట్ట. మంచి కోడి. తురాయి ఎర్రగా నిగనిగలాడుతోంది, కళ్లు చురుగ్గా ఉన్నాయి. రోగం ఉన్న కోడి కూడా మొదట్లో అట్లాగే ఉంటుందని మనసులో అనుకున్నాను.

మా వైపు అక్కచెల్లెళ్లు పుట్టింటికి వట్టి చేతులతో రారు. కోడి తెస్తే అది ఆ రోజు కూరైనా కావాలి, ఆ ఇంటి కోళ్లలోనైనా కలవాలి. మూడో దారి లేదు. తెచ్చినదాన్ని విడిగా పెడితే, మీ ఇంట్లో తెగులుందని మొహం మీద అన్నట్టే.

"గుడ్ల మీదున్న పెట్ట. కొయ్యకున్రి, గూట్లకిడువున్రి" అంది వదిన, కాళ్ల తాడు విప్పబోతూ.

నేను కోడిని ఆమె చేతుల్లోంచి లాక్కున్నాను. లాక్కున్నాను అనే చెప్పాలి, తీసుకున్నాను అంటే అబద్ధం. పెరట్లో ఆ చివర, బట్టలుతికే బండ దగ్గర, గంప బోర్లించి కింద పెట్టాను. గంప మీద రాయి పెట్టాను.

"గిదేంది పిల్లా?" అంది వదిన.

"ఇరవై ఒక్క దినం గిట్లనే ఉంటది. మా ఇంట్ల గిదే పద్ధతి."

"నేను తెచ్చిన కోడిని వెలేస్తున్నవా?"

"మూడేండ్ల కింద నువ్వు తెచ్చిన పుంజు ఏం జేసిందో యాదికి లేదా వదినె? తొమ్మిది కోళ్లను పాతిపెట్టిన."

"అగో! దానికి నేను రోగం మూటగట్టి తెచ్చిన్నా? జర నా మాటిను. గీ కోడికి…"

"ఏం ఇనాలె? అప్పుడు గూడ గిట్లనే చెప్తివి. మంచి కోడి అంటివి, మంచి పుంజు అంటివి. నీ మంచి కోళ్లు నాకొద్దు. తీస్కపోతే తీస్కపో, లేకుంటే గంప కిందుంటది."

ఆమె మళ్లీ నోరు తెరిచింది. నేను ఇంకా గట్టిగా అరిచాను. పక్కింటి వాళ్లు గోడ మీంచి చూశారు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఒకసారి నా వైపు, ఒకసారి అక్క వైపు చూశాడు. ఆయన ఎటూ మాట్లాడడు. వదిన కందుల మూట అరుగు మీద పెట్టి, కొంగు భుజం మీదికి లాక్కొని, "తమ్మీ, నేను పోతున్న" అంది. అన్నం వండి ఉంది. ఒక్క ముద్ద తినలేదు. ఆకలితో పోయింది. ఆడబిడ్డ అన్నం తినకుండా గడప దాటితే ఎంత పాపమో మా అత్త బతికి ఉంటే చెప్పేది. నాకు ఆ పూట పాపం అనిపించలేదు. గెలిచాననిపించింది.

మూడో రోజు పొద్దున నల్ల పెట్ట గూట్లోంచి బయటికి రాలేదు. లోపల చెయ్యి పెట్టి తీస్తే రెక్కలు వేలాడుతున్నాయి. కింద ఆకుపచ్చ పారుడు. మధ్యాహ్నానికి అది పోయింది. మర్నాడు రెండు. ఆ మర్నాడు పుంజు మెడ వెనక్కి విరుచుకొని ఒకటే గిరగిరా తిరిగింది. పట్టుకుంటే నా చేతుల్లోనే గుండ్రంగా తిరగబోయింది. పసుపు, వెల్లుల్లి, ఉల్లిరసం, ఎవరు ఏది చెబితే అది నోట్లో పోశాను. ఈ రోగానికి మందు లేదని నాకు తెలుసు. తెలిసీ పోశాను. ఏమీ చేయకుండా కూర్చోలేక పోశాను.

అప్పుడు ఫోన్ తీశాను. వదినకు చేశాను. ఏమన్నానో అంతా ఇక్కడ రాయలేను. నీ కడుపు చల్లబడిందా అన్నాను. గంప కింద పెట్టినా గాలికి తగిలించిందన్నాను. నా కోళ్ల ఉసురు నీ ఇంటికి తగులుతుందన్నాను. ఈ చివరి మాట ఎవరినీ అనకూడదు. పిల్లలున్న ఇంటిని అసలే అనకూడదు. ఆమె అంతా విని, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఫోన్ పెట్టేసింది.

ఆరో కోడి చచ్చాక దాన్ని సంచిలో పెట్టుకొని దవాఖానకు పోయాను. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. చేతులకు తొడుగులు వేసుకొని కోసి చూసింది. పొట్టలో రక్తపు చుక్కలు చూపించింది.

"కొక్కెర రోగమే అమ్మా. ఈ పది పదిహేను దినాల్ల ఇంటికి కొత్తగా ఏమొచ్చింది?"

"ఏమొస్తదమ్మా, మా ఆడబిడ్డ తెచ్చిన కోడి" అన్నాను. ఈ మాట ఎప్పుడెప్పుడు అడుగుతుందా అని కాచుకొని ఉన్నాను.

"అది ఎప్పుడు పోయింది?"

"పోలేదు. గంప కింద ఉంది."

"మేత తింటలేదా? పారుతుందా?"

"తింటది. గుడ్డు గూడ పెట్టింది."

ఆమె కత్తి పక్కన పెట్టి నా వైపు చూసింది. "రోగం తెచ్చింది అదైతే ముందుగాల అదే పడిపోవాలె గదమ్మా? కోడి గాక ఇంకేమొచ్చింది? దాణా, పంజరం, ఎవలన్న కోళ్ల షెడ్డు మీంచి వచ్చుడు?"

ఏమీ రాలేదని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది.

"సంచులు" అన్నాను.

ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. వాటిని కాల్చేయండి, గూడు సున్నంతో కడగండి, చచ్చినవాటిని సున్నం వేసి లోతుగా పాతండి అని కాగితం మీద రాసి ఇచ్చింది. ఏదైనా అని ఉంటే బాగుండేది. తిరిగి అరిచేదాన్ని.

నాకు అప్పటికీ నమ్మబుద్ధి కాలేదు. మా ఆయనను బండి తీయమని ఆ షెడ్డు దగ్గరికి పోయాను. ఆ మనిషి షెడ్డులో సున్నం కొడుతున్నాడు. రోగం వచ్చిందా అని అడిగాను. "వచ్చింది. సగం బ్యాచి పోయింది, అందుకే ఖాళీ జేసిన" అన్నాడు, వానొచ్చింది అన్నంత మామూలుగా.

"మరి ముందుగాల చెప్పొద్దా నాకు?"

"నువ్వడిగినవా అమ్మా? సంచులడిగినవ్, ఇచ్చిన. నీ ఇంటికొచ్చి కట్టిన్నా?"

నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆయన కుంచె ముంచి గోడకు సున్నం కొట్టుకుంటూనే ఉన్నాడు. బండి ఎక్కి వస్తుంటే సగం దారిలో ఏడుపొచ్చింది. మా ఆయన బండి ఆపలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. అందుకు మాత్రం ఆయనకు దండం పెట్టాలి.

ఇంటికి వచ్చి సంచులన్నీ విప్పి పెరట్లోనే కాల్చాను. అప్పటికి గూట్లో నాలుగే మిగిలాయి. రెండు రోజుల్లో మూడు పోయాయి. బోడిమెడది అందరికంటే ఎక్కువ రోజులు బతికింది. దాన్ని ఇంట్లోకి తెచ్చి, అట్టపెట్టెలో పాత చీర వేసి పడుకోబెట్టాను. చెంచాతో గంజి పోస్తే మింగేది, మెడ అటు తిప్పుకొని మళ్లీ నా వైపు తిప్పడానికి కష్టపడేది. ఆ ఈకలు లేని మెడ మెలికపడితే దాచుకోవడానికి ఏమీ ఉండదు, మొత్తం కనిపిస్తుంది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతుంటే పెట్టెలోంచి లేవబోయింది. లేవలేకపోయింది. ఎత్తి మోకాలి మీద పెట్టుకున్నాను. అక్కడే పోయింది. పదకొండో గుంత కూడా నేనే తీశాను. మా ఆయన గడ్డపార అందుకోబోతే ఇవ్వలేదు.

గూడు కడిగాను, సున్నం కొట్టాను. పెరడు ఊడ్చాను. ఆ చివర గంప కింద ఎర్ర పెట్ట గింజలు ఏరుకుంటూ కొక్కొక్కొమంటోంది. దాన్ని చూస్తే కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను, నువ్వెందుకు బతికినవే అని దాని మీద అరిచాను.

తర్వాత వారం రోజులు ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పక్కన పెట్టడం. మా ఆయనతో చెప్పించుదామనుకున్నాను. ఆయన మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. "నువ్వన్నవ్, నువ్వే చెప్పు" అన్నాడు. ఒక మంగళవారం పొద్దున పని అంతా అయ్యాక, కూర్చుంటే ధైర్యం చాలదని నిలబడే చేశాను.

"వదినె, నేను" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేయలేదు. సంచుల సంగతి చెప్పాను. షెడ్డు సంగతి చెప్పాను. తప్పు నాదేనని దగ్గు వచ్చినట్టు చేసి చెప్పాను. అంతా విన్నాక ఆమె ఒక్కటే అడిగింది.

"నా కోడి ఉన్నదా, పోయిందా?"

"ఉంది. అదొక్కటే ఉంది."

"ఉంటది" అంది. "మా వాడకట్టోళ్లం అందరం కలిసి చానా దినాల కిందనే కోళ్లకు సూదులేపిచ్చినం. నీకు కోళ్ల రోగమంటే భయమని, సూదేసినవాట్ల మంచిది చూసి పట్కొచ్చిన. గదే చెప్పబోతి ఆ దినం. నువ్వు చెప్పనిస్తివా?"

నేను అరుగు మీద కూర్చుండిపోయాను.

"కోడి ఇంక గంప కిందనే ఉన్నదా?" అంది.

"ఉంది. ఇరవై ఒక్క దినాలు కాలేదు ఇంకా."

ఆమె గొంతులో కోపం ఉంటుందని ఎదురుచూశాను. ఉంటే నాకు తేలికయ్యేది.

"గంప తియ్యి పిల్లా" అంది. "ఇంక ఎవలకు అంటుకుంటదని?"